మా నీరసానికి సదరం కాగితంలో గడి ఏదండీ?

వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కరించి రాస్తున్నది.

అయ్యా, ఇది నాలుగో అర్జీ. మొదటి మూడూ సోమవారాల్లో స్వయంగా వెళ్లి ఇచ్చుకున్నాను. మూడింటికీ ఫోనుకి ఒకటే మెసేజీ: "మీ సమస్య పరిష్కరించబడింది." ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నాకు రుమటాయిడ్ కీళ్లవాతం. తొమ్మిదేళ్లయింది. వైకల్యం ఎంత శాతమో తేల్చి కాగితం ఇచ్చే సదరం శిబిరం రోజున తెల్లవారుజామున మూడున్నరకే లేచాను, వేళ్లు స్వాధీనంలోకి రావడానికే నాకు గంటన్నర పడుతుంది కాబట్టి. రెండు బస్సులు మారి వెళ్లి, కూర్చోడానికి బల్ల కూడా లేని వరండాలో నిలబడితే పదకొండున్నరకు నా వంతు వచ్చింది. పిడికిలి బిగించమన్నారు, బిగించాను. మోకాలు వంచమన్నారు, వంచాను. "బాగానే ఉన్నాయిగా అమ్మా" అన్నారు డాక్టరుగారు. నీరసం సంగతి చెప్పబోతే "అది అందరికీ ఉండేదే, బలం మందు వాడు" అని తర్వాతి పేరు పిలిచారు. 18 శాతం వేశారు. 40 రాకపోతే పింఛను రాదని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ రోజు ఇంటికొచ్చి మంచమెక్కినదాన్ని మూడో రోజు సాయంత్రానికి గానీ లేవలేదు. ఆ మూడు రోజులూ ఏ లెక్కలోకి వస్తాయండీ?

ఇది పొలం పని చేసొచ్చి కాసేపు నడుం వాలిస్తే తీరే అలుపు కాదు. రాత్రంతా పడుకుని లేచినా ఒంట్లో సత్తువ ఉండదు. నేను జాకెట్లు కుట్టి బతికే మనిషిని. పోయిన నెల ఒక పెళ్లి జాకెట్టుకు హుక్కులు కుడుతూ, సూది చేతిలో ఉండగానే మిషను పక్కన నేల మీద వాలిపోయాను. మా పాప బడి నుంచి వచ్చి నా వేళ్ల మధ్య నుంచి సూది తీసి పక్కన పెట్టింది. ఆ జాకెట్టు పెళ్లివాళ్లు తీసుకెళ్లి ఇంకొకరి చేత కుట్టించుకున్నారు. ముహూర్తాల పని ఇప్పుడు నాకెవరూ ఇవ్వడం లేదు. నొప్పి అంటే జాలిపడతారు గానీ, నీరసం అంటే బద్ధకం అంటారు. మా అత్తగారూ మొదట్లో అలాగే అన్నారు.

నన్ను చూసే కీళ్ల డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. వాపు పుట్టించే రసాయనాలు కీళ్ల దగ్గరే ఆగవట, రక్తంలో కలిసి మెదడు మీదా పనిచేస్తాయట. జ్వరంలో ఒళ్లు తేలిపోతుందే, అలా. దానికి రక్తహీనత తోడు, నొప్పికి తెగిపోయే నిద్ర తోడు. వారానికోసారి కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడైతే నేను లేనట్టే. ఒంట్లో వాపు ఎంతుందో చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు మామూలుగా వచ్చినా నీరసం పోనివాళ్లు ఉన్నారు. యూరప్ కీళ్ల వైద్యుల సంఘం 2023లో ఒక్క నీరసం మీదే సూచనలు ఇచ్చింది: రోగిని దీని గురించి తరచూ అడగాలని, ఒంటికి తగ్గ వ్యాయామం చేయించాలని. మన శిబిరంలో ఆ ప్రశ్నే లేదు.

నా వేళ్లు వంకర పోలేదంటే, అప్పుచేసి మరీ మందులు మానకుండా వాడాను కాబట్టి. మానేసి ఉంటే ఈపాటికి వేళ్లూ పోయేవి, శాతమూ పెరిగేది. 6,000 పింఛను కోసం చేతులు పాడుచేసుకోమంటారా అయ్యా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. తలసేమియా ఉంది, హిమోఫీలియా ఉంది, ఉండాల్సిందే. కీళ్లవాతం పేరు లేదు. అది ఢిల్లీ వ్యవహారం అంటారు. ఢిల్లీకి మీరొక ఉత్తరం రాయకూడదా?

శిబిరంలో కీళ్ల డాక్టరు ఉండాలి. నీరసం గురించి అడగాలి, అడిగింది కాగితం మీద పెట్టాలి. జిల్లా ఆసుపత్రిలో వారానికొక్క రోజైనా ఆ డాక్టరు కూర్చోవాలి, విజయవాడ వెళ్లొచ్చిన ప్రతిసారీ రెండు రోజులు పడిపోతున్నాను. ఇవేవీ కాకపోతే ఆ వరండాలో నాలుగు బల్లలైనా వేయించండి.

ఈ ఉత్తరం రాయడానికి నాకు ఐదు రోజులు పట్టింది. దయచేసి మళ్లీ మెసేజీ పంపకండి, మనిషిని పంపండి. పొద్దున్నే ఐదింటికి రమ్మనండి. పదింటికి వస్తే నేను బాగానే కనబడతాను.

ఇట్లు,
కుట్టుపని చేసుకునే ఒక కీళ్లవాతం మనిషి