పసిపిల్లల గదిలో పగిలిన గ్లాసు గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మంగళవారం మన పసిపిల్లల గదిలో ఒక గాజు గ్లాసు పగిలింది. ఎవరికీ చిన్న గాటు కూడా పడలేదు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో అది మూడు గ్లాసులైంది, రాత్రికి ఎవరిదో చెయ్యి కూడా తెగింది! అయినా “ఏడాదిన్నర బిడ్డకు గాజెందుకు?” అని అడిగినవాళ్లది న్యాయమైన ప్రశ్నే.

మిగతా సంగతులు గబగబా: బ్రహ్మోత్సవాల రద్దీకి అలిపిరి వైపు బస్సు ఆలస్యమవుతుంది, డ్రైవరుకు ఫోన్లు చేయకండి. రెండో టర్ము ఫీజు పదో తేదీలోపు. దసరా సెలవులు డైరీలో ఉన్నాయి.

ఇక గాజు. పసిపిల్లలు తమ పనులు తామే చేసుకుంటూ నేర్చుకునే పద్ధతి తెచ్చిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచారు. ఆవిడ పద్ధతిలో పిల్లలకు పింగాణీ పళ్లేలు, గాజు గ్లాసులు ఇస్తారు. 1939లో ఆవిడ మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కాబట్టి ఇది మా బడికి కొత్తగా పట్టిన పిచ్చేమీ కాదు. ప్లాస్టిక్ గ్లాసును విసిరినా ఏమీ కాదు, అందుకే దానితో చెయ్యి ఏమీ నేర్చుకోదు. గాజుకు బరువుంది, నీళ్లు ఎంతున్నాయో కనిపిస్తుంది, గట్టిగా దింపితే చప్పుడు చేస్తుంది. తప్పు ఎక్కడుందో గ్లాసే చెబుతుంది, మనం అరవక్కర్లేదు. మూత బిగించిన సిప్పరులో నీళ్లు ఒలకవు, మీకు హాయి. ఎంత వంచితే ఎన్ని నీళ్లొస్తాయో బిడ్డకు మాత్రం ఎప్పటికీ తెలియదు.

ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఆరు నెలలు నిండి, ఆసరా లేకుండా కూర్చోగలిగాక గ్లాసుతో నీళ్లు తాగించడం మొదలుపెట్టండి. గాజు భయమైతే కాఫీ తాగే చిన్న స్టీలు గ్లాసు చాలు. రెండు మూడు చెంచాల నీళ్లే పోయండి. నిండా పోస్తే ఒక్కసారిగా మొహాన పడతాయి, మళ్లీ గ్లాసు ముట్టడానికే బెదురుతుంది. బిడ్డ చేతుల మీద మీ చేతులుంచి, అంచును పెదవికి ఆనించి ఆగండి. తనే గుటక వేయాలి. మీరు గొంతులో పోస్తే పొలమారుతుంది. మొదట్లో సగం బట్టల మీదే పోతాయి, పోనివ్వండి. పక్కనే చిన్న గుడ్డ పెట్టుకుని బిడ్డ చూస్తుండగా తుడవండి. ఏడాది దాటాక ఆ గుడ్డ తనే లాక్కుంటుంది. గాజు ఇచ్చినప్పుడు మీరు పక్క నుంచి లేవకూడదు. పగిలితే ముందు బిడ్డను ఎత్తుకోండి, ముక్కల సంగతి తర్వాత.

తిండీ అంతే, తనే తిననివ్వండి. రాగి జావ చెంచా తిరగేసినా జారనంత చిక్కగా ఉండాలి. పల్చనిది నోటికి చేరేలోపే ఒలికిపోయి బిడ్డ విసుగెత్తుతుంది. చెంచాలు రెండుండాలి, ఒకటి తనకు, ఒకటి మీకు. ఇడ్లీని వేలంత ముక్కలు చేసి చేతికివ్వండి. వేరుశనగ గింజలు, కోయని ద్రాక్ష వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. ఏడాదిలోపు తేనె నాకించొద్దు, అవ్వ ఎంత ముచ్చటపడినా సరే.

మంగళవారం గ్లాసు పగలగానే ఇంకా రెండేళ్లు నిండని ఒక పాప పక్కవాడి చొక్కా పట్టుకుని “ఆగు” అంది. ఇంకో బాబు చిన్న చీపురూ చేటా తెచ్చి టీచరుకిచ్చాడు. ఒక్కరూ ఏడవలేదు. పెద్ద తరగతులవాళ్లను నేర్చుకోమని పంపాలనిపించింది!

ఇదే పిల్లలు సాయంత్రం గేటు దాటగానే చంకెక్కుతారు. సంచి మీ భుజాన, చెప్పులు మీ చేతిలో. ఇంటికెళ్లాక ఫోనులో పాట, నోట్లో ముద్ద. ప్రేమేనని తెలుసు, దయచేసి కాస్త తగ్గించండి. కూర్చోబెట్టే వాకరు ఉంటే అటకెక్కించండి. అందులో బిడ్డ మునివేళ్లతో తోస్తుంది తప్ప నిలదొక్కుకోవడం నేర్చుకోదు, మెట్ల దగ్గర ప్రమాదం కూడా. కెనడా 2004లోనే దాని అమ్మకం నిషేధించింది. మన పాతకాలపు మూడు చక్రాల చెక్కబండి నయం, బిడ్డ తన కాళ్ల మీద నిలబడ్డాకే దాన్ని తోయగలదు.

సోమవారం నుంచి పసిపిల్లలకు ఎలాస్టిక్ నడుము నిక్కర్లే వేయండి. పీట మీద కూర్చుని రెండు కాళ్లూ దూర్చి, లేచి పైకి లాక్కుంటారు. వెనకవైపు కొంచెం సాయం చాలు. బెల్టు జీన్సుతో వస్తే మేమే నిక్కరు మార్చి, జీన్సు మడతపెట్టి సంచిలో పంపిస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు, తిరుపతి