పిల్లల ప్రాజెక్టులు తలుపులేసుకుని వినాలా?

సంపాదకులకు,

మొన్న మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన, డిగ్రీ పిల్లలకి పురాణాల మీద ప్రాజెక్టులేంటి, ఉద్యోగాలొస్తాయా వాటితో, ఉన్న కథనే తిరగరాయడం తప్ప అందులో ఏముంది అని రాశారు. ఉద్యోగాల సంగతి నాకు తెలీదు. రెండో మాటకి మాత్రం జవాబు చెప్పాలనిపించింది. మా అమ్మాయి చదివేది విశాఖలోనే ఒక డిగ్రీ కాలేజీలో, పేరు అక్కర్లేదు. సాహిత్యం క్లాసులో ఆఖరి ప్రాజెక్టులు చెప్పే రోజున లాప్‌టాప్ ఇద్దామని వెళ్తే మేడం గారు కూర్చోమన్నారు, సాయంత్రం దాకా విన్నాను. ఒకే పురాణకథ మళ్లీ మళ్లీ ఎందుకు తిరిగొస్తుంది, వచ్చినప్పుడల్లా ఏం మార్చుకుని వస్తుంది, ఇదీ వాళ్లకిచ్చిన అంశం.

అన్నీ బాగున్నాయని అనను. ఇద్దరు ముగ్గురు గ్రీకు పురాణంలో సిసిఫస్ ఎప్పటికీ కొండ మీదికి దొర్లించే బండరాయి గురించి చాట్‌జీపీటీ రాసిచ్చిన ఇంగ్లీషు గబగబా చదివేసి కూర్చున్నారు, ఆ పేరు పలకడానికే తడబడ్డారు పాపం. రావణుడి పది తలలు పది దుర్గుణాలు అనే స్లైడు కూడా వచ్చింది, అది రాకుండా ఉంటుందా.

కానీ మధ్యాహ్నం తర్వాత వరసగా వచ్చిన రెండు ప్రాజెక్టుల గురించి చెప్పాలి. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఒకటి చెప్పింది, విజయనగరం అబ్బాయి ఇంకోటి. రోల్ నంబర్ల వల్ల పక్కపక్కన పడ్డాయంతే, ఎవరూ అనుకుని పెట్టింది కాదు. అమ్మాయిది వాళ్ల తాతగారు చెప్పే బుర్రకథ. 1757 జనవరి 24న ఒకవైపు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు సైన్యం, ఇంకోవైపు బొబ్బిలి కోట. ఇక నిలవలేమని తెలిశాక ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని వాళ్లని సొంతవాళ్లే చంపుకోవడం, ఆ తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజుని పొడవడం. తాతగారి కథ అక్కడ ఈలల మధ్య అయిపోతుందట. అబ్బాయిది పైడితల్లి అమ్మవారి కథ, అది సరిగ్గా ఆ చావు దగ్గరే మొదలవుతుంది. యుద్ధం వద్దని బతిమాలిన చెల్లెలు పైడితల్లి, అన్న పోయాడన్న కబురు విని ప్రాణం విడిచిందని, పెద్దచెరువులో విగ్రహమై దొరికిందని విజయనగరంలో చెప్పుకుంటారు కదా. రెండు కథల్లోనూ చచ్చిపోయింది అదే రాజు. ఇక్కడ ఈలలు, అక్కడ దసరా తర్వాత మంగళవారం, పొడవాటి మాను మీద పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను పండగలో లక్షల మంది కళ్లనీళ్లతో మొక్కులు. ఒక్కసారి జరిగిన యుద్ధం ఏటా జరిగే పండగ ఎలా అయింది అని ఆ అబ్బాయి బోర్డు మీద రాసి, వెనక్కి తిరిగి మమ్మల్నే అడిగాడు.

అప్పుడు ఎలియాడ్ అనే రొమేనియా పండితుణ్ణి తీసుకొచ్చాడు. 1949లో ఫ్రెంచిలో వచ్చిన పుస్తకమట. జరిగిన సంగతిని, బతికిన మనిషిని జనం జ్ఞాపకం మహా అయితే రెండు మూడు వందల ఏళ్లు మోస్తుంది, ఆ తర్వాత పాత కథల మూసలో కరిగించేస్తుంది అంటాడాయన. ఉదాహరణకి రొమేనియా పల్లెపాట ఒకటి. పెళ్లికి కొద్దిరోజుల ముందు ఒక కుర్రాణ్ణి కొండదేవత అసూయతో లోయలోకి తోసేసిందని పాట. ఆరా తీస్తే అది నలభై ఏళ్లు కూడా కాని సంగతి, కుర్రాడు కాలుజారి పడ్డాడు, కాబోయే పెళ్లాం ఇంకా బతికే ఉంది, ఆవిడే ఉన్నదున్నట్టు చెప్పింది. ఊళ్లోవాళ్లని అడిగితే మాత్రం ముసలమ్మకి దిగులుతో మతి చెడింది, పాటే నిజం అన్నారట! నేను ఇంటికొచ్చి మా ఆవిడకి మొదట చెప్పింది ఈ ముక్కే.

బొబ్బిలి అమ్మాయి ఊరుకోలేదు. మా తాత కథలో బుస్సీ పేరు ఇప్పటికీ ఉంది, ఏం కరిగిందని అడిగింది. మా దగ్గర కరిగింది, సిరిమాను చూడ్డానికొచ్చిన వాళ్లని ఆపి రాజు పేరేంటని అడుగు, ఎంతమంది చెప్తారో చూద్దాం అన్నాడతను. ఈ గొడవలోనే, సిరిమానుకి చెట్టుని కమిటీ వాళ్లు చూసి ఎంచుతారని ఆ అబ్బాయి అనేశాడు. టీ గ్లాసులు సర్దుతున్న అటెండరమ్మ ఆగిపోయింది. "కాదు బాబూ, అమ్మే పూజారి కల్లోకొచ్చి ఫలానా చోట చింతచెట్టని చెప్తాది, ఎతుక్కుంటా ఎల్తారు" అంది. అంతటితో ఆగకుండా, సిరిమానుతో పాటు జాలరి వల ఎందుకు తిప్పుతారో, చెరువులోంచి అమ్మని పైకి తేవడంలో బెస్తవాళ్ల చెయ్యి ఎంతుందో కూడా చెప్పింది. అబ్బాయి పెన్ను తీసి రాసుకున్నాడు. అతని రిపోర్టులో ఆ వల ఊసే లేదు మరి.

ఇంకో అమ్మాయి అధ్యాత్మ రామాయణంలో సీత వాదన చెప్పింది. అడవికి వద్దన్న రాముడితో, ఎన్నో రామాయణాలు విన్నాను, సీత లేకుండా రాముడు వెళ్లింది ఏ రామాయణంలో అని సీతే అడుగుతుంది. దాని వెంటే కవి, పండితుడు ఎ.కె. రామానుజన్ రామాయణాల మీద రాసిన వ్యాసంలోని ఉంగరాల కథ. రాముడి ఉంగరం నేల పగుల్లో జారిపోతే హనుమంతుడు వెతుక్కుంటూ పాతాళానికి వెళ్తాడు, అక్కడ రాజు పళ్లెం నిండా వేల ఉంగరాలు చూపించి నీ రాముడిది ఏదో తీసుకో అంటాడు. తిరగరాయడంలో ఏముందన్న పెద్దాయన ఈ పళ్లెం దగ్గర కాసేపు ఆగితే బాగుండును.

ఇప్పుడు అసలు సంగతి. ఇదంతా తలుపులు మూసి జరిగింది. వీడియో తీయొద్దన్నారు, మిగతా తల్లిదండ్రుల్ని పిలవలేదు. ఎందుకని అడిగితే, అమ్మవారి మీద, రాముడి మీద మాటలు కదండీ, ఎవరో ఒక ముక్క కోసి వాట్సాప్‌లో పెడితే మా మెడకి చుట్టుకుంటుంది అన్నారు మేడం. భయం ఉత్తదేం కాదు, ఆ రామానుజన్ వ్యాసాన్నే ఢిల్లీ యూనివర్సిటీ 2011లో చరిత్ర సిలబస్ నుంచి తీసేసింది. అయినా నేనొప్పుకోను. అనుమానమంతా తలుపు వేయడం వల్లే పుడుతుంది, లోపల విన్నవాళ్లకి ఎవరినీ కించపరిచిన మాట ఒక్కటీ దొరకదు. అమ్మవారికి మొక్కుకునే అటెండరమ్మే కదా ఆ ప్రాజెక్టుని సరిదిద్దింది, ఆవిడకి లేని బాధ వాట్సాప్ వాళ్లకెందుకు? ఆవిడ టీ తేవడం ఒక పావుగంట ఆలస్యమై ఉంటే ఆ తప్పు స్పైరల్ బైండింగ్‌లో అలాగే ఉండిపోయేది, మార్కులు వేసేవాళ్లకి తెలిసేది కూడా కాదు. బుర్రకథ తాతగారికైతే ఆయన మీద వచ్చిన ప్రాజెక్టు అందనే లేదు, అంతా ఇంగ్లీషే మరి, ఆయనకి రాని భాష.

కాబట్టి కాలేజీలవాళ్లకి, యూనివర్సిటీ వాళ్లకి నా మనవి. వచ్చే ఏడాది నుంచి ప్రతి ప్రాజెక్టుకి పది పేజీల తెలుగు సారాంశం రాయించండి, దానికీ మార్కులు పెట్టండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం హాలు తీసుకుని పిల్లల చేత అక్కడే చెప్పించండి. ముందు వరస కుర్చీలు బుర్రకథ, జముకుల కథ, తూర్పు భాగవతం వాళ్లకి ఉంచండి, ప్రశ్నలు మొదట వాళ్లే అడగాలి. వీడియో కూడా కాలేజీయే మొత్తం తీసి పెడితే కోసిన ముక్కల బెడద తగ్గుతుంది. హాలు అద్దె సమస్య అయితే తల్లిదండ్రులం తలా కొంత వేసుకుంటాం, టీ ఖర్చు కూడా మాదే.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
మధురవాడ, విశాఖపట్నం