కప్పట్రాళ్ల అడవి సంగతి కాగితం మీద తేల్చండి సార్

ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు గారికి,

నమస్కారం. కర్నూలు జిల్లా దేవనకొండ మండలం నుంచి రాస్తున్నా. 2024 నవంబరులో కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి మా వాళ్లు కర్నూలు-బళ్లారి రోడ్డు మీద బైఠాయించారు, బస్సులు లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ తర్వాత మీరు ఆపమన్నారని కలెక్టర్ గారు ప్రకటించారు. అందుకు మీకు థాంక్స్, మొక్కుబడికి చెప్పడం లేదు. కానీ మీరు ఇచ్చిన మాటను కాగితం మీద కూడా పెట్టండి అని అడగడానికే ఈ ఉత్తరం.

అప్పుడు జరిగింది మీకు తెలిసిందే, అయినా చదివేవాళ్ల కోసం చెబుతా. కప్పట్రాళ్ల రిజర్వు ఫారెస్టులో 468.25 హెక్టార్ల పరిధిలో 68 బోర్లు వేసుకోవడానికి కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ అనుమతి ఇచ్చింది. వేసేది అణు ఇంధన శాఖ కింద ఉండే అణు ఖనిజాల అన్వేషణ విభాగం. మేం గట్టిగా అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే, ఇది అన్వేషణ మాత్రమే, తవ్వకం కాదు కదా, ఎందుకంత టెన్షన్ అని. సంబంధం కలుపుకునే ఉద్దేశం లేనివాడు జాతకాలు చూపించుకుంటాడా సార్? 68 బోర్లు వేసి, రాయి బయటికి తీసి, ఎంత శాతం ఉందో లెక్క కట్టి, బాగానే ఉందని తేలాక "సరే, చూశాం, వస్తాం" అని మూటాముల్లె సర్దుకుని పోయే ప్రభుత్వం ఎక్కడా లేదు.

మళ్లీ ఇప్పుడు ఎందుకు అడుగుతున్నామంటే, 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ఇక ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని దాని సారాంశం. ఇన్నాళ్లూ ఎంత తూతూమంత్రంగా జరిపినా సరే, షామియానా వేసి, మైకు పెట్టి, ఊళ్లోవాళ్లు లేచి "మాకొద్దు" అంటే అది రికార్డులో ఎక్కేది. ఆ కాస్త దారీ మూసేశారు. పైగా 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు అని లక్ష్యం పెట్టుకున్నారు, దానికి యురేనియం ఎక్కడినుంచో ఒక చోటి నుంచి రావాలి కదా. రేపు ఇంకో కలెక్టర్ వస్తారు, ఇంకో ప్రభుత్వం కూడా రావచ్చు. అప్పుడు 2024లో ఫలానా వాళ్లు ఆపమన్నారంట అని చెప్పుకోవడానికి మా చేతిలో పేపర్ కటింగులు తప్ప ఏముంటాయి?

మేం ఊరికే భయపడటం లేదు. తుమ్మలపల్లె మాకు దూరమేం కాదు, రాయలసీమలోనే ఉంది. అక్కడ యురేనియం గనికి 2007లో శంకుస్థాపన చేశారు. ఆ రాయిలో యురేనియం ఎంతుంటుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు, టన్ను రాయిని పిండి చేసి మందులు పోసి ఉడికిస్తే అర కేజీ కూడా రాదు. మిగతా దాదాపు టన్నంతా బురదగా మారి టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాల చెరువుకు పోతుంది. యురేనియం తీసేశాం కాబట్టి ఆ బురద మామూలు మట్టి అనుకుంటారు చాలామంది. కాదు. యురేనియం పుట్టించిన రేడియం అనే రేడియోధార్మిక పదార్థం దాదాపు అంతా ఆ బురదలోనే ఉండిపోతుంది. ఆ రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు. ఆ చెరువు కట్టకు కాపలా ఉండే శాఖ అన్నేళ్లు ఉంటుందా? చెరువు చుట్టుపక్కల కొట్టాల, కనంపల్లె, మబ్బుచింతలపల్లె రైతులు బోర్ల నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలే గని నడిపేవాళ్లకు నోటీసు ఇచ్చింది. దానికి గని వాళ్ల వైపు నుంచి వచ్చే వాదన, ఆ నేలలోనే సహజంగా యురేనియం ఉంది, నీళ్లలో ఉంటే మా తప్పు కాదు అని. గని రాకముందు ఆ ఊళ్ల బోర్లలో ఎంత ఉండేదో రైతుల చేతిలో లెక్క లేదు, ఉండుంటే ఈ వాదన నాలుగు రోజుల్లో తేలిపోయేది.

మా మండలం వంకల నీళ్లు హంద్రీలో కలుస్తాయి, హంద్రీ గాజులదిన్నె ప్రాజెక్టు మీదుగా కర్నూలు చేరి తుంగభద్రలో పడుతుంది. కాబట్టి ఇది అడవి పక్కన ఉన్న కప్పట్రాళ్ల, పి.కోటకొండ, నెల్లిబండ ఊళ్ల గొడవే అనుకుని కర్నూలులో వాళ్లు నిమ్మళంగా ఉండే విషయం కాదు.

ఉద్యోగాలొస్తాయి కదా అని మా వాళ్లలోనే కొందరన్నారు. వాళ్లను తప్పు పట్టను. పనుల్లేక ఏటా ఇళ్లకు తాళాలేసి, పిల్లల్ని బడి మాన్పించి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయే ప్రాంతం ఇది. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వంగి వెతికేది సరదాకు కాదు. పని ఇవ్వాలంటే హంద్రీ-నీవా నీళ్లు మా చెరువులకు పూర్తిగా రానివ్వండి. టమోటా ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసేది మీరూ చూశారు, ఆ టమోటా ఫ్యాక్టరీ మాట ప్రతి ఎన్నికల్లో వింటున్నాం. ఒకప్పుడు ఫ్యాక్షన్ అంటే కప్పట్రాళ్ల పేరు చెప్పేవారు. ఆ పేరు పోగొట్టుకోవడానికి ఊరు పడిన పాట్లు మామూలివి కావు. ఇప్పుడిప్పుడే తేరుకుంటుంటే యురేనియం ఊరు అనిపించుకోవాలా? పిల్లనిచ్చేవాళ్లు వెనకాడతారని ముసలివాళ్లు అంటుంటే నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే అందులో నిజం ఉంది.

మీరు చేయగలిగిందే అడుగుతున్నాం. 2019లో నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణ అంటే, తెలంగాణ శాసనసభ ఆ ఏడాది సెప్టెంబరు 16న ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. అధికార పక్షం, ప్రతిపక్షం అని లేదు. మన అసెంబ్లీ కూడా కప్పట్రాళ్ల అడవి పేరు రాసి అలాంటి తీర్మానమే చేయాలి. దాంతోపాటు ఆ 68 బోర్ల అనుమతిని రద్దు చేయమని కేంద్రానికి రాసి, వాళ్లిచ్చిన జవాబు తెలుగులో మా పంచాయతీ ఆఫీసుల గోడల మీద అంటించండి.

ఇంకొకటి, గని వచ్చినా రాకపోయినా మా బోర్ల నీళ్లు ఇప్పుడే పరీక్ష చేయించండి. తాగే నీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదంటారు కదా, మేం తాగేది ఎంతో మాకు తెలియాలి. ఆ పని గని తవ్వాలనుకునే శాఖకు ఇవ్వొద్దు, ఏదైనా యూనివర్సిటీకి ఇవ్వండి. వచ్చేవాళ్లు రోడ్డు పక్క ట్యాంకు దగ్గర సీసా నింపుకుని పోకుండా చేల బోర్లు, చేతిపంపుల నీళ్లు కూడా పట్టాలి. పొద్దున్నే రమ్మనండి, ఎండ ఎక్కితే ఊళ్లో చూపించేవాళ్లు ఉండరు, అందరూ చేలల్లో ఉంటారు.

ఇట్లు,
దేవనకొండ మండలం రైతు కొడుకు