శిక్షణ హాజరు పట్టీ కోసం కాదు

సంపాదకులకు,

అయ్యా,

పర్లాకిమిడి, రాయగడ, బరంపురంలో సహకార సంఘాలు, మిల్లులు, నర్సింగ్‌హోమ్‌ల లెక్కలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే. సైబర్ భద్రత శిక్షణ మాత్రం ఏడాదికోసారి హిందీలోనో ఇంగ్లీషులోనో గంటసేపు స్లైడ్లు చూపించి సంతకాలు పెట్టించుకోవడంతో సరి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే గుమాస్తాకు అందులో తలకెక్కేదెంత?

చిన్నవాళ్ల జోలికి ఎవరొస్తారులే అనుకోవడానికి లేదు. 2024 జులై చివర్లో సీ-ఎడ్జ్ అనే సాంకేతిక సేవల సంస్థపై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే దొంగ ప్రోగ్రాం) దాడి జరిగితే, దాని మీద ఆధారపడ్డ సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులకు అంతరాయం కలిగింది.

ఏది నేర్పినా ఉద్యోగి చేతే చేయించాలి. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను దాచేస్తుంది. ‘బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ కాస్తా ‘బిల్లు.పీడీఎఫ్’లా కనిపిస్తుంది, నొక్కితే ప్రోగ్రాం నడిచిపోతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’ కింద ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కు టిక్కు పెడితే ఆ తోక బయటపడుతుంది. అర నిమిషం పని, అయినా చాలా ఆఫీసుల్లో చేయరు.

పలాస జీడిపప్పు వ్యాపారి పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని మెయిల్ వస్తే, అందులోని నంబరుకు కాదు, పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేయాలి. వ్యాపారి మెయిలే దొంగ చేతిలో పడి ఉంటే చిరునామా సరిగ్గానే ఉంటుంది మరి. ‘అర్జెంటు, వెంటనే పంపు’ అని యజమాని పేరుతో మెసేజ్ వచ్చినా ఇదే పద్ధతి.

ఫైళ్ల పేర్లు వాటంతటవే మారిపోతుంటే అది రాన్సమ్‌వేర్ పని కావచ్చు. ముందు నెట్‌వర్క్ తీగ పీకి, వైఫై ఆపాలి. రీస్టార్ట్ చేయకూడదు, మెమరీలోని ఆనవాళ్లు పోతాయి. తెరను ఫోన్‌తో ఫొటో తీయాలి. బ్యాకప్ డిస్కును ఆ కంప్యూటర్‌కు తగిలించకూడదు. అసలు మనవాళ్ల దగ్గర ఆ డిస్కు రోజంతా తగిలించే ఉంటుంది. లెక్కలతోపాటు అదీ తాళం పడిపోతుంది. మూడు కాపీలుండాలి, రెండు రకాల సాధనాల్లో. ఒకటి ఆఫీసు బయట. మూణ్ణెల్లకోసారి ఆ కాపీ నుంచి ఫైళ్లు తెరిచి చూడాలి.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం, దాడిని గుర్తించిన 6 గంటల్లో ఆ సంస్థకు సమాచారమివ్వాలి, లాగ్‌లు (కంప్యూటర్లో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే చిట్టాలు) 180 రోజులు భద్రపరచాలి. కానీ లింకు నొక్కినవారి జీతం కోస్తామంటే ఎవరు నోరు విప్పుతారు? పొద్దున నొక్కింది సాయంత్రం దాకా దాచిపెడతారు, ఈలోగా ఆ దొంగ ప్రోగ్రాం సర్వరు దాకా పాకుతుంది.

వెంటనే చెప్పినవారిపై చర్య ఉండదని యాజమాన్యాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. జిల్లా సహకార శాఖలు మూణ్ణెల్లకోసారి తెలుగులో, ఒడియాలో శిక్షణ పెట్టి, ఉత్తుత్తి మోసపు మెయిళ్లు పంపి, ఎందరు నొక్కారన్నది కాక ఎందరు ఎంతసేపట్లో చెప్పారన్నది లెక్కించాలి.

— కంప్యూటర్ శిక్షకులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా