భయం పోగొట్టడానికి తోడున్న వారికి వందనాలు

నరకం, ఎత్తబడుట (విశ్వాసులు ఒక్కసారిగా పరలోకానికి తీసుకుపోబడతారన్న బోధ), క్షమించరాని పాపం అంటూ బెదిరించే బోధలోంచి బయటికి వస్తున్న మా అందరితో ఓపికగా కూర్చున్న పాస్టర్ గారికి, కౌన్సెలర్ అక్కకి, దగ్గరుండి వాక్యం చదివించిన పెద్దలకి వందనాలు. పేర్లు వద్దన్నారు, రాయడం లేదు. చేసిన సాయం మాత్రం రాస్తున్నాం, ఇంకొకరికి పనికొస్తుందని.

మీరు వాదనతో మొదలుపెట్టలేదు, అదే మేలైంది. నరకం గురించి బుర్రకి జవాబు దొరికినంత మాత్రాన రాత్రిపూట గుండెదడ ఆగదు. ఇది పశ్చాత్తాపమా, మతపరమైన ఓసీడీనా (వద్దన్నా తిరిగొచ్చే ఆలోచనలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) అని అక్క ముందు తేల్చింది. పశ్చాత్తాపమైతే క్షమాపణ అడిగాక మనసు తేలికపడుతుంది. ఓసీడీ అయితే రక్షణ ప్రార్థన (యేసుని నమ్మి రక్షించమని అడిగే ప్రార్థన) ఎన్నిసార్లు చేసినా "సరిగ్గా చేశానా?" అన్న అనుమానం మళ్లీ లేస్తుంది. ప్రార్థించగానే దొరికే కాసేపటి ఊరటే ఆ అలవాటుని ముదరబెడుతుంది. అందుకే చికిత్సలో ఆ ప్రార్థన మళ్లీ చేయకుండా, ఆందోళన దానంతటదే దిగేదాకా ఓర్చుకోవడం నేర్పుతారు. "నాకు రక్షణ ఉందా?" అని ఫోన్ చేసిన ప్రతిసారీ పాస్టర్ గారు భరోసా ఇవ్వకపోవడం మొదట్లో కఠినంగా తోస్తుంది గానీ, అదీ చికిత్సలో భాగమే. 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో, తర్వాత జెస్యూట్ సభని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలాదీ ఇదే బాధ. ఒప్పుకున్న పాపాలనే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ నలిగిపోయి, ఇక పాతవి ఎత్తకూడదని తీర్మానించుకున్నాకే తెరిపిన పడ్డాడు.

ఆ తర్వాతే వాక్యం. విశ్వాసం నుంచి తప్పిపోయినవాళ్లని మళ్లీ మార్చడం అసాధ్యమనే హెబ్రీ 6:4-6 దగ్గర ఆగిపోతే వణుకే మిగులుతుంది. 9వ వచనం దాకా చదివితే, ఆ రాసినాయనే చదివేవారి రక్షణ గురించి నమ్మకంగా మాట్లాడతాడు. క్షమించరాని పాపం గురించి మత్తయి 12లోని హెచ్చరికని 22వ వచనం నుంచి చదవాలి. కళ్లెదుట జరిగిన స్వస్థతని దయ్యాల పని అన్నవాళ్లకి చెప్పిన మాట అది. భయపడి ఏడ్చేవాళ్లకి కాదు. లోకాంతంలో వస్తుందనే శ్రమలకాలానికి ముందే సంఘం ఎత్తబడుతుందన్న బోధ 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడి వల్ల ప్రచారమై, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ నోట్సుతో ఇంకా పాకింది. ఇక క్రీస్తు రాకకి తేదీలు చెప్పినవాళ్ల సంగతి సరేసరి: 1844 అక్టోబర్ 22, 2011 మే 21, రెండూ మామూలుగానే తెల్లారాయి.

కొత్త సంఘంలో వెంటనే సభ్యత్వం, పరిచర్య వద్దన్నారు. కొన్ని నెలలు వెనక వరసలో కూర్చుని వినమన్నారు. వెళ్లిపోయినవాళ్ల గురించి అక్కడ ఎలా మాట్లాడతారో గమనించమన్నారు. అన్నిటికంటే బాగా పట్టిచ్చే గుర్తు అదే.

ఇంట్లో చెప్పేటప్పుడు సిద్ధాంతం జోలికి పోవద్దన్న సలహా బంగారం. అమ్మ ఏడ్చేది నిజంగానే బిడ్డ నరకానికి పోతుందేమోనని. ఆ ప్రేమని ముందు ఒప్పుకుంటే గొడవ సగం తగ్గుతుంది.

4వ శతాబ్దపు బిషప్ నిస్సా గ్రెగరీ అందరూ చివరికి పునరుద్ధరణ పొందుతారని ఆశించాడని పాస్టర్ గారు చెప్పి కూడా, దాన్నే నమ్మమని ఎవరినీ తోయలేదు. చాలా ప్రశ్నలకి "నాకు తెలియదమ్మా" అనేశారు. అందుకు మరీ మరీ వందనాలు.