అమ్మలూ, మ్యాచ్ ముందురోజు బ్యారెల్ తోమకు

చిరంజీవి అమ్మలూకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. కాలవలకి నీళ్లు వదిలి వారం దాటింది, మన చేలో ఆకుమడి పోశాం. మామ్మకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. పొద్దున లేచింది మొదలు నీ గురించే అడుగుతోంది.

మ్యాచ్ చెడిందని రాత్రి నువ్వు ఫోన్లో ఏడ్చాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. "నువ్వు చెప్పినట్టే ముందురోజు రైఫిల్ బ్యారెల్ తళతళలాడేదాకా క్లీన్ చేశాను నాన్నా, అయినా మొదటి సిరీస్, పదికి పది షాట్లూ, చెదిరిపోయింది" అన్నావు. నువ్వు "అయినా" అన్నావు గానీ, అందుకే చెదిరిందమ్మా. ఆ అలవాటు నీకు నేర్పింది నేనే. ఎన్‌సీసీ క్యాంపు నుంచి వచ్చి నువ్వు మొదటిసారి రైఫిల్ గురించి అడిగిన రోజునే, సైన్యంలో నాకు ఎలా నేర్పారో అలాగే నీకు చెప్పాను.

అక్కడ రోజూ జరిగేది ఇది. కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, రైఫిల్ అప్పజెప్పే ముందు మాకు నేర్పే ఉస్తాద్ పుల్‌త్రూ తాడుకి తెల్ల చిందీ, అంటే గుడ్డపేలిక, కట్టి బ్యారెల్లోంచి లాగేవారు. చిందీ తెల్లగా బయటికొస్తే సరే. బూడిదరంగు కనిపిస్తే మళ్లీ మొదటికి. తుడవడానికి నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు చిందీ. నూనె రాయడానికి ఒకటిన్నర అంగుళం వెడల్పుది, అది కాస్త వదులుగా ఉంటేనే లోపల నూనె పొర మిగులుతుంది. ఇరవై ఏళ్లు అదే చేశాను. కాల్చిన రోజునే, ఎంత అలిసిపోయినా, తెల్ల చిందీ వచ్చేదాకా.

ఆ నియమం ఊరికే రాలేదు. మా ఉస్తాదులకి నేర్పినవాళ్లు .303 రైఫిళ్ల కాలం వాళ్లు. అప్పటి తూటాల్లో మందుని అంటించే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, మనం తినే ఉప్పుకి దాయాది. వానాకాలంలో మన వంటింట్లో ఉప్పు జాడీ చూశావుగా, మూత పెట్టినా చెమ్మగిల్లి అడుగున నీరు చేరుతుంది. బ్యారెల్లో ఆ ఉప్పు కూడా అంతే, గాల్లో తేమ లాక్కుని తుప్పు లేపేది. నూనెలో ఉప్పు కరగదు. అందుకని మరిగే నీళ్లు పోసి కడిగి, బాగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాసేవారు. ఆ రోజుల్లో ఒక్క రాత్రి అశ్రద్ధ చేసినా రైఫిల్ పాడయ్యేది. నువ్వు కాల్చే .22 మ్యాచ్ తూటాల్లో ఇప్పుడా ఉప్పు లేదు. నేను కారణం వదిలేసి నియమం ఒక్కటే నీ చేతిలో పెట్టాను.

పొద్దున్నే మాధవరం అన్నగారికి ఫోన్ చేశాను. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు, చిన్నప్పుడు నిన్ను తీసుకెళ్లాను. ఆయన మాతోపాటు ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా చేసి, తర్వాత షూటింగ్ టీమ్ రైఫిళ్లు చూసుకున్నారు. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగారు: "తోమాక ఎన్ని రౌండ్లు కాల్చింది?" ఒక్కటి కూడా లేదు. రేంజ్ మూసే వేళకి కదా నువ్వు క్లీన్ చేసి అప్పజెప్పింది. "అయితే ఇంకేం వెతక్కండి" అన్నారు.

ఆయన చెప్పింది నీకు అర్థమయ్యేలా రాస్తాను. మీ .22 తూటా తల మెత్తటి సీసం. బరువు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. దాని మీద మైనమో గ్రీజో సన్నగా పూసి ఉంటుంది, వేలితో తాకితే జిడ్డు తెలుస్తుంది. కాల్చిన ప్రతిసారీ ఆ పూత కొంచెం బ్యారెల్ లోపలి గోడకి అంటుతుంది. కొన్ని తూటాలు వెళ్లాక లోపలంతా ఒకే తీరున పొర పరుచుకుంటుంది. అక్కణ్ణించి ప్రతి తూటాకీ ఒకే దారి, ఒకే రాపిడి. మురికి కరిగించే సాల్వెంట్ పోసి ఆ పొర మొత్తం తీసేశావనుకో, మొదటి తూటా ఉత్త ఉక్కు మీద వెళ్తుంది, రెండోది కాస్త పూత మీద, మూడోది ఇంకాస్త. రాపిడి మారితే వేగం మారుతుంది. పైగా లోపల నూనె తడి మిగిలి ఉంటే మొదటి రెండు మూడు తూటాలు ఎటు పోతాయో ఎవరూ చెప్పలేరు.

ఇదంతా స్పీకర్‌లో పెట్టి వింటున్నాను. మీ అమ్మ పొయ్యి దగ్గర అట్లు పోస్తోంది. సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి పెనానికి రుద్దుతూ, "అట్ల పెనాన్ని పీచు పెట్టి తోమేస్తే మొదటి అట్టు ఊడొస్తుందా ఎక్కడైనా?" అంది. ఫోన్లో అన్నగారు కూడా విని, "అదేనమ్మా, సరిగ్గా అదే" అన్నారు. నేను లేచి వెళ్లి ఆ పెనం చూశాను. మామ్మ కాపురానికి వచ్చినప్పటిది. నల్లగా, అద్దంలా నున్నగా ఉంది. సబ్బు ఎప్పుడూ తగల్లేదు. అలాగని మీ అమ్మ దాని మీద మాడు పేరుకోనివ్వదు, అట్లకాడ అంచుతో గీరేస్తుంది. బ్యారెల్లో కూడా ఏది ఉంచాలో, ఏది గీరాలో తెలియాలి.

ఇప్పుడు నీ మొదటి సిరీస్ సంగతి. తూటా సెకనుకి సుమారు 320 మీటర్ల వేగంతో వెళ్తుంది. 50 మీటర్లు చేరేలోగా భూమి దాన్ని దాదాపు 12 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. వేగంలో 10 మీటర్లు తగ్గితే టార్గెట్ మీద 7, 8 మిల్లీమీటర్లు కిందపడుతుంది. నీ పదో వలయం అడ్డం 10.4 మిల్లీమీటర్లే. గీత తాకినా పదే కాబట్టి తూటా నడిబొడ్డు కేంద్రానికి 8 మిల్లీమీటర్ల లోపు పడాలి. అంటే నువ్వు సరిగ్గా మధ్యలోకి పట్టుకున్నా, బ్యారెల్ ఒక్కటే నీ పదిని గీత మీదికి తోసేయగలదు. ఆపైన నీ ఊపిరి, నీ మోకాలు, గాలి.

అంతకంటే పెద్ద దెబ్బ గురి చూసే సైట్ దగ్గర తగిలింది. మ్యాచ్‌కి ముందు గురి సరిచూసుకునే 15 నిమిషాల సైటింగ్‌లో, తూటా పక్కకి పోతే సైట్ మర రెండు క్లిక్కులు, కిందికి పోతే మూడు క్లిక్కులు తిప్పుతూ కూర్చున్నానన్నావు. ఇంకా కుదురుకోని బ్యారెల్ వెనకాల సైట్‌ని తిప్పావమ్మా. నీలింగ్‌లో, అదే మోకాలి మీద కూర్చుని కాల్చేదాంట్లో, మ్యాచ్ షాట్లు మొదలయ్యేసరికి బ్యారెల్ కుదురుకుంది, సైట్ మాత్రం తప్పు చోట ఆగి ఉంది. రెండో సిరీస్‌కి మళ్లీ సరిచేసుకుని వందకి 97 కొట్టావు. చెయ్యి చెడిపోయిన పిల్ల వెంటనే 97 కొట్టగలదా? నాకు ఆ 97 చూస్తేనే ధైర్యం వచ్చింది.

అసలు తోమొద్దని కాదు. తూటా పెట్టే ఛాంబర్ దాటగానే, బ్యారెల్ లోపలి మెలితిరిగిన గాడులు, అదే రైఫ్లింగ్, మొదలయ్యే చోట, మందు మసి గట్టిపడి ఉంగరంలా కడుతుంది. అది పెరిగితే తూటా కూర్చునేటప్పుడే సీసం గీరుకుంటుంది, టార్గెట్ మీద తూటాలు పడే గుంపు, అదే గ్రూపు, మెల్లమెల్లగా విచ్చుకుంటుంది, మధ్యలో ఒకటి కారణం లేకుండా దూరంగా పోతుంది. దాన్ని తియ్యాల్సిందే. ఎప్పుడు తియ్యాలన్నది ఆ బ్యారెలే చెబుతుంది. కొందరు ప్రతి ప్రాక్టీస్ తర్వాత ఒక ప్యాచ్, అదే గుడ్డ ముక్క, తోసి వదిలేస్తారు, కొందరు కొన్ని వందల రౌండ్లకి గానీ ముట్టుకోరు. వాళ్లూ వీళ్లూ పతకాలు కొడుతున్నారు. పక్క అమ్మాయి లెక్క నీకు పనికిరాదు.

తోమేటప్పుడు మాత్రం నేను ఒక విషయంలో ఎప్పటికీ తగ్గను. రాడ్ ఛాంబర్ వైపు నుంచే వెళ్లాలి, రాడ్‌ని తిన్నగా నడిపే బోర్ గైడ్ పెట్టి, ముక్కలు జోడించే రాడ్ కాకుండా ఒకే రాడ్‌తో. బ్యారెల్ కొసకి వచ్చిన మురికి ప్యాచ్‌ని అక్కడే తీసెయ్యి, మళ్లీ లోపలికి లాగకు. మన పాత నుయ్యి గట్టు రాయి గుర్తుందా? చేద తాడు ఒకే చోట రాసుకుని రాసుకుని వేలు పట్టేంత గాడి పడింది. అంత రాయినే మెత్తటి తాడు కోసేసింది. పుల్‌త్రూ తాడుని వంకరగా లాగిన పాత రైఫిళ్ల మూతి దగ్గర అలాంటి గాడే నేను కళ్లారా చూశాను. తూటా బయటికి వచ్చే ఆఖరి అంచు అది. అక్కడ ఒక పక్క అరిగిందంటే గ్యాసు ఆ పక్కనుంచి ముందు తన్నుకొస్తుంది, తూటా కొంచెం తల వాల్చుకుని బయల్దేరుతుంది. మసిని ఎప్పుడైనా తీయొచ్చు, ఆ అరుగుదలని ఏ సాల్వెంటూ పూడ్చలేదు. అప్పుడిక కొస కోసి కొత్తగా చెక్కించాల్సిందే.

గ్రూపు పాడైన ప్రతిసారీ బ్యారెల్‌నే అనుమానించకు. ముందు భుజానికి ఆన్చే స్టాక్ స్క్రూలు, తర్వాత సైట్ బిగింపు, తర్వాత తూటాల బ్యాచ్. కంపెనీ మార్చితే పూత కూడా మారుతుంది కాబట్టి ఆ రోజు ఇంకొన్ని రౌండ్లు ఎక్కువ కాల్చి పాత పొర మీద కొత్త పొర పడనివ్వు.

వచ్చే శనివారం నీకు మ్యాచ్ లేదు కదా, ఒక పని చెయ్యి. తోమకముందు ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకుని, రైఫిల్‌ని రెస్ట్ మీద ఆనించి పది రౌండ్ల గ్రూపులు అయిదు కొట్టు. ఒక్క గ్రూపుని నమ్మకు, అది మోసం చేస్తుంది. తర్వాత తోమి, పొడి ప్యాచ్‌తో నూనె పూర్తిగా తీసి, సైట్ ముట్టుకోకుండా మళ్లీ కొట్టు. ప్రతి షాట్ వరుసగా రాసుకో. ఎన్నో తూటా దగ్గర గ్రూపు పాత చోటికి వచ్చి నిలబడిందో నీకే కనిపిస్తుంది. అయిదో రౌండా, ఇరవయ్యో రౌండా నేను చెప్పలేను, ఒక్కో బ్యారెల్‌ది ఒక్కో తీరు. ఆ అంకె దొరికాక మ్యాచ్‌కి రెండు రోజుల ముందే తోమడం, అన్ని రౌండ్లూ కాల్చి అలాగే అప్పజెప్పడం. బయటి ఇనుము మాత్రం రోజూ నూనె గుడ్డతో తుడువు, చెమట చేతులు ఉక్కుకి మంచివి కావు.

2024 ఆగస్టు 1న మనం టీవీ ముందు కూర్చుని స్వప్నిల్ కుశాలే పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ చూశాం. నీ ఈవెంటే, 50 మీటర్ల త్రీ పొజిషన్స్. నీలింగ్ అయ్యేసరికి వెనకబడి ఉన్నాడు. నువ్వు దిండు కొరుక్కుంటూ "అయిపోయింది నాన్నా" అన్నావు. నిలబడి కాల్చే స్టాండింగ్‌లో ఒక్కొక్కటే పైకి వచ్చి 451.4తో కాంస్యం తీసుకున్నాడు. నువ్వు కూడా చెడిన సిరీస్ వెనకే 97 పెట్టావు కాబట్టి ఆ రోజు గుర్తొచ్చింది.

ఈ ఉత్తరంతో పాటు గళ్ల నోటుబుక్కు పంపుతున్నాను. తేదీ, తోమాక ఎన్నో రౌండు, బ్యాచ్ నంబరు, ఎండో వానో, గ్రూపు అడ్డం ఎన్ని మిల్లీమీటర్లు అని గీతలు కొట్టి ఉంచాను. సున్నుండలు అడుగున ఉన్నాయి, అమ్మ బెల్లంతో చేసింది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ముందు ఆ అంకె చెప్పు. మాధవరం అన్నగారు కూడా అడగమన్నారు.

ఇట్లు,
మీ నాన్న