సైటేషన్ల అంకెతో వైద్యుల పరిశోధనను తూచవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఏటా శరదృతువు వచ్చేసరికి ‘ప్రపంచ అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల్లో మన వైద్యులు’ అంటూ జిల్లా పేజీల్లో ఫొటోలతో వార్తలు వస్తుంటాయి. ఆ పేర్లున్న వారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే అది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇచ్చే పురస్కారం కాదనీ, అక్కడి ఆచార్యుడు జాన్ అయోనిడిస్ బృందం పరిశోధన పత్రాల వివరాలుండే స్కోపస్ అనే డేటాబేస్ సమాచారంతో తయారుచేసే గణాంక పట్టిక అనీ, అందులో జీవితకాలపు జాబితా వేరు, ఒక్క ఏడాది జాబితా వేరు అనీ ఆ వార్తలు చెప్పవు. పట్టిక తయారుచేసిన వారైనా శాస్త్ర ఉపవిభాగాలను విడదీశారు, ఎవరి పరిశోధన పత్రాలను వారే ఉదహరించుకున్న లెక్కను వేరుగా చూపారు. ఆ జాగ్రత్తలన్నీ పోయి మనకు మాత్రం ‘ఫలానా డాక్టరుగారికి ఇన్ని వేల సైటేషన్లు’ (అంటే ఆయన పత్రాలను ఇన్ని వేల సార్లు ఉదహరించారు) అన్న అంకె ఒక్కటే మిగులుతోంది. బోధనాసుపత్రుల నియామకాల్లోనూ హెచ్-ఇండెక్స్ ఎంత అన్న ప్రశ్న ముందుకు రావడంతో ఈ లేఖ రాయాల్సి వచ్చింది.

ఈ హెచ్-ఇండెక్స్ కొలత హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించినది. ఒకరి పత్రాల్లో 20 పత్రాలు ఒక్కొక్కటి కనీసం 20 సార్లు ఉదహరింపబడితే ఆయన హెచ్-ఇండెక్స్ 20. శాస్త్రాన్ని బట్టి ఈ అంకె మారుతుందని హిర్షే చెప్పారు. గుండె జబ్బులు, క్యాన్సర్ వంటి రంగాల్లో పరిశోధకులూ పరిశోధన పత్రికలూ ఎక్కువ కనుక సైటేషన్లూ ఎక్కువే. ఫోరెన్సిక్ నిపుణుడు ఎంత మంచి పని చేసినా దాన్ని ఉదహరించగలవారు కొద్దిమందే. ఇక పలు దేశాల్లో జరిగే చికిత్సా ప్రయోగాలు (ట్రయల్స్), ప్రపంచ వ్యాధి భారం అధ్యయనాల వంటి వాటిలో రచయితలే వందల్లో ఉంటారు. అధ్యయనానికి రూపకల్పన చేసినవారికీ, తమ ఆసుపత్రి వివరాలు పంపి ఊరుకున్నవారికీ హెచ్-ఇండెక్స్ ఒకే ఫలం ఇస్తుంది.

ఎక్కువగా ఉదహరింపబడిందంటే మంచి పత్రమనీ కాదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ పత్రం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చి, 2010లో ఉపసంహరణకు గురైంది. తప్పని చెప్పడానికి ఉదహరించినా లెక్కలో అదీ సైటేషనే.

మనవాడైన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఈ త్రాసులో పెట్టి చూడండి. ఫిస్కే అనే సహ పరిశోధకుడితో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం అంచనా పద్ధతిని ప్రపంచమంతటా ప్రయోగశాలలు వాడుకున్నాయి కాబట్టి ఆ పత్రానికి వేల సైటేషన్లు వచ్చాయి. తర్వాత లెడర్లీ అనే అమెరికా ఔషధ సంస్థలో ఆయన నాయకత్వంలో తయారైన అమినోప్టెరిన్ అనే మందుతో లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం దొరికిందని 1948లో అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బృందం ప్రకటించింది. క్యాన్సర్ చికిత్సను మలుపు తిప్పిన ఆ పత్రం రచయితల్లో సుబ్బారావుగారి పేరు లేదు. సైటేషన్ల లెక్క ప్రకారమైతే ఆయన ఘనత భాస్వరం దగ్గరే ఆగిపోతుంది!

ఉద్దానంలో కవిటి, సోంపేట మండలాల ఊళ్లు తిరిగి మూత్రపిండాల జబ్బు కారణాలను వెతికే వైద్యుడి పత్రాన్ని విదేశాల్లో ఎందరు ఉదహరిస్తారన్నది అక్కడి రోగికి అనవసరం. నియామక సంఘానికి మాత్రం అదే ముఖ్యమైతే, వచ్చే తరం వైద్యులు ఉద్దానం వైపు ఎందుకు వెళ్తారు?

పరిశోధన పత్రికలకు ఇచ్చే అంకెలను బట్టి పరిశోధకుణ్ణి కొలవరాదని, పరిశోధనను ఎలా అంచనా వేయాలో చెప్పే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2013లోనే చెప్పింది. నియామకాల విషయంలో నా సూచన ఇది: అభ్యర్థి తన పత్రాల్లో మూడు, నాలుగింటిని ఎంచుకుని, వాటిలో తన వంతు పని ఏమిటో రాసివ్వాలి. అదే స్పెషాలిటీకి చెందిన బయటి నిపుణులు ఇద్దరు వాటిని చదివి అభిప్రాయం చెప్పాలి. సమయం పడుతుంది, నిజమే. కానీ ఒక ఆచార్యుణ్ణి పదవీ విరమణ దాకా ఉండేలా నియమిస్తున్నప్పుడు ఆ మాత్రం సమయం వెచ్చించవచ్చు. తమ పత్రిక కూడా ఈసారి ఆ జాబితా వార్త వేసేటప్పుడు అది ఏ ఏడాదిది, ఏ ఉపవిభాగానిది అన్న వివరాలతో పాటు, ఆ వైద్యుడు కనుగొన్నదేమిటో రెండు వాక్యాల్లో రాయించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత వైద్య ఆచార్యుడు, గుంటూరు